మందను పిలిచిన గొంతు

నా నోరు మంచిది కాదని మా వాళ్ళందరూ అంటారు. అననివ్వండి. నోరు తేనెలా ఉండి కడుపులో కత్తులు పెట్టుకున్నవాళ్ళను బంట్వారం నుంచి తాండూరు దాకా ఎంతమందిని చూడలేదు నేను. అనుమానపు మనిషిననీ అంటారు. అది మాత్రం నిజమే. కిష్టప్ప ఇల్లు చేరిన రోజు వాడి తల్లి వాణ్ణి పట్టుకుని ఏడుస్తుంటే, నేను గడప దాటకుండా నిలబడి, వీడు గొంతు ఎప్పుడు విప్పుతాడా అని చూశాను. వాడి మొహం కాదు నాకు కావలసింది, గొంతు.

ఎందుకో తెలియాలంటే ముందు మా ఆయన సంగతి చెప్పాలి.

మా ఆయన పేరు దేవప్ప. గొర్రెలు కాసే ఇల్లు మాది. ఆడబిడ్డ రామమ్మ మొగుడు పోయాక పాలు తాగే కొడుకును చంకనేసుకుని మా ఇంటికే వచ్చేసింది. ఆ కొడుకే కిష్టప్ప. నాకు పిల్లలు లేరు. మా ఆయన మేనల్లుణ్ణి భుజాన ఎక్కించుకుని మంద వెంట తిరిగాడు. వాడికి ఊహ తెలిసినప్పటి నుంచీ ఉన్న తండ్రి ఆయనే. వాడికి మాటలు సరిగ్గా రాకముందే మా ఇంటి పిలుపు నేర్పాడు.

పిలుపంటే మాలో ఆస్తి లాంటిది. వాగు దగ్గర నాలుగిళ్ళ గొర్రెలు కలిసిపోయి నీళ్ళు తాగుతాయి. అప్పుడు ప్రతి కాపరీ తన ఇంటి పిలుపు పిలుస్తాడు. ఎవరి మంద వాళ్ళ వెంట విడిపోయి నడుస్తుంది. మా పిలుపు గొంతు అడుగున గురగురమని మొదలై, నాలుక మీద రెండుసార్లు కొట్టుకుని, పైకి లేచి ఠక్కున తెగుతుంది. వేరేవాళ్ళు సరదాకి అనుకరిస్తే మా గొర్రెలు చెవి కూడా ఆడించేవి కావు. నేను పిలిస్తే తల ఎత్తి చూసి మళ్ళీ మేతలో పడేవి. నేనంటే మనుషులకే కాదు, గొర్రెలకూ లెక్క లేదు. ఆ పిలుపుకు అవి లేచి వచ్చేది ఇద్దరికే, మామకూ అల్లుడికీ.

అవి తుపాకుల రోజులు. ఏ జెండావాళ్ళు అని నన్నడగకండి. పోలీస్ యాక్షన్‌కు ముందు ఆ ఏడాది, ఏడాదిన్నర కాలంలో తుపాకి దొరికిన ప్రతివాడికీ ఒక జెండా ఉండేది. జెండాలు వేరైనా అందరూ తిన్నది మా గొర్రెలనే. అలాంటి ముఠా ఒకటి అనంతగిరి అడవిలో దిగింది. దారి చూపించమని మంద దగ్గరున్న కిష్టప్పను వెంటబెట్టుకుపోయారు. పొద్దు గూకేలోగా పంపిస్తామన్నారట. వాడికి అప్పుడు పదకొండేళ్ళు.

పంపలేదు. మా ఆయన అడవంతా గాలించాడు. మర్పల్లి దాకా వెళ్ళి కనబడినవాడినల్లా అడిగాడు. కట్టెలు కొట్టేవాళ్ళు చెప్పారు, పిల్లవాడి నెత్తిన ఎవరిదో పెద్ద టోపీ ఉందని, భుజాన వాడి కంటే పొడుగు తుపాకి ఉందని. ముఠా కంటే వాణ్ణి ముందు నడిపిస్తున్నారట. ముందు పిల్లవాడు కనబడితే ఎవరికీ అనుమానం రాదు. ఒకవేళ వచ్చినా, మొదటి గుండు వాడికే తగులుతుంది. ఇంత తెలివి ఏ తల్లి కన్న కొడుకుకు వచ్చిందో గాని, వాడి వంశం నాశనమైపోను అని నేను ఆ రోజు మన్ను ఎత్తి పోశాను.

మరుసటి వానాకాలం కొండ దిగువన ఒక రైతు చేనులో మంద పెట్టాం. రాత్రి గొర్రెలు పడుకుంటే చేనుకు ఎరువు, మాకు గింజలు. తెల్లవారింది. నేను జొన్నరొట్టె కొడుతున్నాను. మా ఆయన ఎదురుగా కూర్చుని వేపపుల్ల నములుతున్నాడు. అప్పుడు అడవి వైపు నుంచి మా ఇంటి పిలుపు వినబడింది.

చేతిలో పిండి చేతిలోనే ఉండిపోయింది. గొర్రెలన్నీ ఒక్కసారి లేచి, చుట్టూ కట్టిన ముళ్ళకంప తోసుకుని అడవి వైపు పోతున్నాయి. మా ఆయన పుల్ల పారేసి లేచాడు. పోవద్దని అరిచాను. గొర్రెలు పోతే పోయాయి, నువ్వుండు అన్నాను. వింటేగా. చెట్లలో కలిసిపోయాడు. కాసేపటికి తుపాకులు పేలాయి. నేను వెళ్ళేసరికి బోర్లా పడి ఉన్నాడు. చుట్టూ ఒక్క గొర్రె లేదు.

చచ్చినవాడి కళ్ళు చారెడని లోకమంతా అంటుంది. నేను మాత్రం మా ఆయన్ను తిట్టని రోజు లేదు. నాలుగు గొర్రెల కోసం పెళ్ళాన్ని ముండను చేసి పోయిన పిచ్చివాడని తిట్టేదాన్ని. తిట్టకపోతే ఏడుపొచ్చేది. ఏడుస్తూ కూర్చుంటే ఇంటి దొడ్డిలో మిగిలిన గొర్రెపిల్లలనూ, చూలు గొర్రెలనూ ఎవరు చూస్తారు?

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. పిలిచింది కిష్టప్పేనని నాకు ఆ తెల్లవారే అనుమానం పుట్టింది. రామమ్మతో అన్నాను. ఎవడో విని నేర్చుకుని ఉంటాడని ఆమె వాదించింది. విని నేర్చుకున్నవాడికి గొర్రె లేవదని ఆమెకూ తెలుసు. తెలిసీ వాదించింది, తల్లి కదా. ఆ తర్వాత ఇద్దరం ఒకే పొయ్యి మీద వండుకుంటూ, ఉప్పు అందుకోవడానికి కూడా మాట్లాడుకునేవాళ్ళం కాదు.

పోలీస్ యాక్షన్ అయింది. ముఠాలు చెల్లాచెదురయ్యాయి. ఎండాకాలంలో తాండూరు నుంచి కబురొచ్చింది. మా దగ్గర ఉన్ని కొనే షావుకారు దశరథం, పక్క కొట్లో మూటలు మోస్తున్న ఒక పిల్లవాడు దేవప్ప మేనల్లుడిలా ఉన్నాడని చెప్పి పంపించాడు. రామమ్మ చెప్పులు కూడా తొడుక్కోకుండా బయలుదేరింది. రెండో రోజు కొడుకును తీసుకుని వచ్చింది.

పొడుగయ్యాడు. చెంపలు పీక్కుపోయాయి. నన్ను చూసి కాళ్ళు మొక్కాడు గాని కళ్ళెత్తలేదు. మామ ఏడీ అని అడగలేదు. మామ పోయిన సంగతి రామమ్మ దారిలో చెప్పి ఉంటుందనుకోవచ్చు. నేను అనుకోలేదు. అడగకపోవడాన్ని మూట కట్టి మనసులో పెట్టుకున్నాను.

ఆ తర్వాత వాణ్ణి కాచినట్టు నేను గొర్రెలను కూడా కాయలేదు. అన్నం తినేటప్పుడు గోడకు వీపు ఆనించి, దారి వైపు చూస్తూ తినేవాడు. సగం రొట్టె నడుములో దోపుకునేవాడు. బండి చప్పుడైతే పక్కన ఎవరున్నా సరే నేలకు కరుచుకుపోయేవాడు. ఒకసారి కావాలనే మా ఆయన పేరెత్తాను. ఈ పులుసు ఆయనకు ఎంత ఇష్టమో అని ఊరికే అన్నాను. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, ముద్ద అక్కడే పెట్టేసి బయటికి వెళ్ళిపోయాడు. రామమ్మ నా వైపు చూసిన చూపుకు పచ్చి కట్టె అంటుకునేది.

ఉన్ని అమ్మే వంకతో నేనే తాండూరు వెళ్ళాను. దశరథం నెమ్మదైన మనిషి, అడిగినదానికి మించి మాట్లాడడు. అయినా తోడితే కొన్ని సంగతులు బయటపడ్డాయి. పిల్లవాడు తనది కన్నడదేశమని, భీమా నది అవతలి ఊరని చెప్పాడట. తెలుగు రానట్టే ఉండేవాడట. సంత రోజున గొర్రెలవాళ్ళు వస్తే జొన్నల బస్తాల వెనక దాక్కునేవాడట. ఖాకీ బట్టలవాణ్ణి చూసి దాక్కుంటే నాకు అర్థమవుతుంది. సొంత మనుషులను చూసి ఎందుకు దాక్కోవాలి? అనుమానం పెనుభూతం అని ఊరికే అన్నారా, ఆ భూతాన్ని నెత్తిన పెట్టుకుని రైలెక్కాను.

అన్నిటికంటే పెద్ద సంగతి, వాడు మందను పిలిచేవాడు కాదు. గొర్రెల వెంట వెళ్ళేవాడు, చుట్టూ పరుగెత్తి మళ్ళించేవాడు, చిన్న రాళ్ళు విసిరేవాడు. నోరు మాత్రం విప్పేవాడు కాదు. ఒకరోజు వాగు దగ్గర మా గొర్రెలు మిగతా మందల్లో కలిశాయి. తక్కిన కాపరులు పిలుచుకుని ఒడ్డున నిలబడ్డారు. నేను వాడికి వినబడేలా, పిలువమన్నాను.

పిలవలేదు. నా వైపు ఒకసారి చూసి నీళ్ళలోకి దిగాడు. మా ఇంటి గుర్తుగా పెట్టిన చెవి గాటు చూసి, ఒక్కో గొర్రెనూ పట్టుకుని, ఈడ్చుకుంటూ ఒడ్డుకు తెచ్చాడు. మొదట కాపరులు నవ్వారు. మళ్ళీ దిగాడు, మళ్ళీ ఈడ్చాడు. ఎండ నెత్తి మీదికి వచ్చేసరికి ఎవరికీ నవ్వు రాలేదు. కాపరి బిడ్డ పిలవకుండా మందను విడదీయడం మాలో ఎవరూ ఎప్పుడూ చూడలేదు. అప్పటిదాకా నా ఒక్కదాని కడుపులో ఉన్న అనుమానం ఆ పూటతో అందరి కడుపుల్లోకీ పాకింది.

ఇక నోళ్ళు ఆగుతాయా. వీడు అడవిలో మిగిలినవాళ్ళకు ఆనవాళ్ళు చెబుతున్నాడని ఒకడన్నాడు. పిలుపే వాళ్ళకు గుర్తు, పిలిస్తే అడవిలోంచి దిగుతారు గనుక పిలవడం లేదని ఇంకొకడన్నాడు. ఇంతలో పోలీసులు ఊరూరా తిరిగి, అడవి నుంచి తిరిగొచ్చినవాళ్ళను దాచిపెడితే ఇంటిల్లిపాదినీ లోపల వేస్తామని చెప్పి పోయారు. మా కులపెద్ద భీమప్ప అందరినీ కూర్చోబెట్టి సంగతి తేల్చేశాడు. బీరప్ప గుడి ముందు పొట్టేలును నిలబెట్టి, కిష్టప్ప పేరు చెప్పి పసుపు నీళ్ళు పోయాలి. పొట్టేలు ఒళ్ళు విదిలిస్తే దేవుడు ఒప్పుకున్నట్టు, వాడు మనవాడు, ఆ మాట మళ్ళీ ఎవరూ ఎత్తకూడదు. విదిలించకపోతే దేవప్ప చావు వాడి మీద ఉన్నట్టు. వాణ్ణి తాండూరు తీసుకెళ్ళి పోలీసులకు అప్పజెప్పాలి. నీళ్ళు పోయాల్సింది నేను. పోగొట్టుకున్నది నేను కాబట్టి.

ముందు రోజు మధ్యాహ్నం దొడ్డి దగ్గర రామమ్మ నాతో మాట్లాడింది. చాలా నెలల తర్వాత ఆమె నన్ను వదినె అని పిలవడం అదే.

"వదినె, చెవుల రెండు సుక్కలు పడితే ఏ పొట్టేలైనా ఒళ్ళు దులుపుతది. నీకు తెల్వంది కాదు. నీ చేతులనే ఉంటది చెంబు."

దేవుడి దగ్గర దొంగాట ఆడనని చెప్పాను. నీ కొడుకు ఏ తప్పూ చేయకపోతే నీకు భయమెందుకని కూడా అన్నాను. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని ఆమెకు తెలుసు. చీర కొంగు నోట్లో కుక్కుకుని లోపలికి వెళ్ళిపోయింది. నాకు జాలి కలగలేదు. నిజం కావాలి నాకు. మొగుణ్ణి మింగిన గొంతు ఎవరిదో తెలియకుండా ఆ ఇంట్లో ఇంకో ముద్ద దిగేలా లేదు.

మర్నాడు పొద్దున అందరం గుడి ముందు చేరాం. ఒంటి రంగు నల్ల పొట్టేలును తెచ్చి మధ్యలో నిలబెట్టారు. భీమప్ప దేవుడి పసుపు, అదే బండారి, కిష్టప్ప నుదుటా, పొట్టేలు నుదుటా పెట్టాడు. కిష్టప్ప చేతులు కట్టుకుని నిలబడ్డాడు. వాడి చూపు పొట్టేలు మీదే ఉంది. తప్పించుకోవాలని చూసేవాడి చూపులా లేదు అది. ఎవరో చెప్పబోయే మాట కోసం కాచుకుని ఉన్నట్టుంది. నాకు అది కూడా నటనే అనిపించింది.

నేను చెంబు వంచాను. చెవుల వైపు చుక్క పడకుండా, జాగ్రత్తగా వీపు మీద, నడుము మీద పోశాను. పొట్టేలు కదల్లేదు. నీళ్ళు ఉన్నిలోకి ఇంకిపోతున్నాయి. భీమప్ప పెదవులు కదులుతున్నాయి. రామమ్మ కళ్ళు మూసుకుంది. ఇంకోసారి పోశాను. పొట్టేలు నెమరు వేస్తోంది, దానికేం పోయింది.

నేను చెంబు దించబోతున్నాను. అప్పుడు విదిలించింది. మెడ నుంచి తోక దాకా ఒళ్ళంతా దులిపి, పసుపు నీళ్ళు మా అందరి మీదా చిమ్మింది. జోరీగ వాలిందో, దేవుడే దిగివచ్చాడో నేను చెప్పలేను. నా చేతులు మాత్రం శుభ్రం. డోలు మోగింది. భీమప్ప కళ్ళు తుడుచుకున్నాడు. రామమ్మ నేల మీద కూలబడి మొక్కుతోంది. నాకు ఒక్కసారి గుండె మీంచి బండ దిగినట్టయింది, ఆ వెంటనే ఒళ్ళు మండింది. మరి పిలిచింది ఎవడు?

ఆ గోలలో కిష్టప్ప ఏదో అన్నాడు. ఎవరికీ వినబడలేదు. వాడు ముందుకు వచ్చి డోలు మీద చెయ్యి పెట్టి ఆపాడు.

"దేవునికి తెల్వది తాతా," అన్నాడు భీమప్పతో. "పిలిచింది నేనే."

నోరు మూసుకోమని రామమ్మ వాడి కాళ్ళు పట్టుకుంది. వాడు కాళ్ళు విడిపించుకుని నా వైపు తిరిగాడు. ఇన్ని నెలల్లో నా కళ్ళలోకి చూడడం అదే మొదలు.

తర్వాత వాడు చెప్పింది చెప్పినట్టు చెప్పలేను. మధ్యమధ్య ఆగిపోయేవాడు. ముఠాకు అన్నం లేక చాలా రోజులైందట. దిగువన మంద ఉందని చూసి వచ్చారట. అది వాడి మామ మందేనని, పిలిస్తే వస్తుందని వాళ్ళకు తెలుసట, ఎందుకంటే వాడే ఒకప్పుడు గొప్పగా చెప్పుకున్నాడట, మా పిలుపుకు మా గొర్రెలు అడవైనా దాటి వస్తాయని. నాలుగు గొర్రెలు చాలు, మనుషుల జోలికి పోమని నాయకుడు తన తల్లి మీద ఒట్టు వేశాడట. వాడి చేతిలో తుపాకి పెట్టి, గొర్రెల వెనక ఎవరైనా వస్తే కాల్చాలని, కాల్చకపోతే నిన్ను కాలుస్తామని చెప్పి, పక్కన ఇంకొకణ్ణి కూర్చోబెట్టారట. వాడు పిలిచాడట. గొర్రెలు వచ్చాయట. గొర్రెల వెనక ఎవరూ రాకూడదని మనసులో మొక్కుకుంటున్నాడట.

మామ గొర్రెల వెనక రాలేదు. గొర్రెలను దాటుకుని, వాటి ముందు వచ్చాడు.

గొర్రెల కోసం పరుగెత్తే మనిషి గొర్రెలను దాటి పోతాడా? మీ మామ ఏమన్నాడని అడిగాను.

"నవ్వుకుంట ఉరికొచ్చిండు అత్తా. కిష్టా, ఆడనే ఆగు, నేనొస్తున్న అన్నడు."

కాల్చింది ఎవరని భీమప్ప అడిగాడు.

"రెండు తుపాకులు పేలినయి. నేను కండ్లు మూసుకున్న. నాదో, పక్కోనిదో నాకు తెల్వది."

ఆ తర్వాత ఎవరూ అడగకుండానే ఇంకొక మాట అన్నాడు. పిలిస్తే మామ మళ్ళీ ఉరికొస్తాడని భయమట. అందుకే పిలవడం లేదట. పదమూడేళ్ళవాడు ఆ మాట అంటుంటే వాడి కంట్లో చుక్క లేదు.

మనుషులు రెండుగా చీలారు. దేవుడు ఒప్పుకున్నాక మనిషి మాట చెల్లదని కొందరన్నారు. వాడే ఒప్పుకున్నాక దేవుడి పేరు చెప్పి పోలీసుల దెబ్బలు ఎవరు తింటారని కొందరన్నారు. తాండూరు తీసుకుపోవడానికి ఇద్దరు అప్పుడే గొంగళ్ళు దులిపి భుజాన వేసుకున్నారు. భీమప్ప నా వైపు చూశాడు. అందరూ నా వైపే చూశారు.

నేను వెళ్ళి కిష్టప్ప చెంప పగలగొట్టాను. ఒకటి కాదు, రెండు చెంపలూ వాయించాను. చేతిలో ఉన్న చెంబు ఎక్కడ పడిందో కూడా చూడలేదు.

"దొంగ సచ్చినోడా, గిన్ని దినాలు గీ మాట కడుపుల వెట్టుకొని నా చేతి కూడు తిన్నవా? ఆయన గొర్రెల కోసం ఉరికిండని దినాం తిట్టిన నేను. సచ్చిన మనిషిని కూసుండనియ్యలే, పండనియ్యలే. నీ కోసం ఉరికిండని జర ముందే చెప్తే నీ సొమ్మేం పోయేదిరా?"

ఇంకా ఏమేమో తిట్టాను. మా ఆయన్ను తిట్టాను, పొట్టేలును తిట్టాను, బీరప్పను కూడా తిట్టినట్టున్నాను. వాడు వచ్చిన రోజు నుంచి నేను వాణ్ణి పల్లెత్తు మాట అనలేదు. ఊరందరినీ తిట్టే నోరు వాడి మీద మాత్రం మూసుకుపోయింది. పరాయివాణ్ణి ఎవరు తిడతారు, ఎవరు కొడతారు? వాడు చెంపలు పట్టుకుని నిలబడ్డాడు. తర్వాత పెద్దగా ఏడవడం మొదలుపెట్టాడు. తప్పిపోయి దొరికిన పిల్లలు ఏడుస్తారే, అలాంటి ఏడుపు.

భీమప్ప లేచి ఆ ఇద్దరినీ కూర్చోమన్నాడు.

"కొట్టెటోళ్ళు కొట్టిన్రు. ఇగ గా పోరని మీద ఇంకెవ్వరికీ చెయ్యెత్తే హక్కు లేదు. తాండూరుకు మాట మోసినోడు మనోడు కాడు."

అలా వాడు మా ఇంట్లో మిగిలాడు. ఇప్పుడు వాడికి పెళ్ళయింది, పిల్లలున్నారు. మందను ఇప్పటికీ చేతులతోనే మళ్ళిస్తాడు. పిలుపు మా ఇంట్లో ఆగిపోయింది.

ఆ రెండు గుండ్లలో ఆయనకు తగిలింది ఎవరిదో నాకు ఈనాటికీ తెలియదు. అనుమానపు మనిషిని, మానుకుందామన్నా మానలేను. వాడు తినడానికి కూర్చున్నప్పుడు, ముద్ద కలిపే వాడి కుడిచేతి చూపుడువేలు మీదికి నా కళ్ళు వాటంతట అవే పోతాయి. చూస్తాను. చూసి ఇంకో రొట్టె వేస్తాను.